లాకు తలుపు

రింగు దీపం కర్రకి కట్టుకుని వచ్చిన పిల్ల అడిగింది:
"తాతగారూ, ఈ ఫోన్లో గ్రూపులూ గీపులూ
నిజంగా కొత్త సంగతేనా, ఉంటే బాగుంటుందని ఉన్నాయా?"
ఆయ్, అన్నాను ముందు. గోదారోళ్లం కదా,
ప్రశ్న అర్థమయ్యేలోపే ఆయ్ అనేస్తాం.

కూర్చోమ్మా. గట్టు తడిగా ఉంది, తువాలు వేసుకో.
కొత్తదంటే ఏంటో నాకు తెలిసింది ఒక్కటే,
ఈ లొల్ల లాకు.
ముప్పయ్యారేళ్లు లస్కరుగా చక్రం తిప్పాను.
పెంకుల పడవ కింద నీట్లో వచ్చి ఆగేది, అంచుదాకా బరువు.
వెనక తలుపు వేసి, ముందు తూము జానెడు ఎత్తితే
నీళ్లు గొణుక్కుంటూ వచ్చేవి.
పడవ లేచేది,
నిద్రలో పసిపిల్ల ఒళ్లు విరుచుకున్నట్టు.
ఎవడూ తొయ్యలేదు, ఎవడూ మొయ్యలేదు.
పైనీరూ కిందినీరూ ఒక్కమట్టం అయ్యేదాకా
కలెక్టరు వచ్చి నిలబడినా పెద్ద తలుపు తియ్యకూడదు.
మా మేస్త్రీ నేర్పిన చదువు అంతే.

ఇక గ్రూపంటావా, నేనూ ఉన్నాను.
"లాకు గట్టు మిత్రులు", నాలుగొందల పదహారు మంది.
తెల్లారితే గులాబీపూలు, దణ్ణాలు,
వెయ్యి కాయ ఎంత పలికింది,
ఎవరిదో దూడ తప్పిపోయింది.
ఆ దూడ దొరికిందని మాత్రం ఎవరూ చెప్పరు.
దొమ్మేటి నూకరత్నం పూతరేకుల ఫొటో పెడితే
నిజామాబాదు నుంచి యాభై డబ్బాలు అడిగారు.
మంచిదే. కానీ మా నాన్న రోజుల్లో
సంత పడవ సరంగు చెవిలో ఒక మాటేస్తే
మూడోనాటికి నర్సాపురంలో బేరం కుదిరేది.
తొందర పెరిగింది తల్లీ, పడవ అదే.

పోయిన శ్రావణంలో, రాత్రి రెండింటికి
"గట్టు తెగింది" అని ఒక గొంతు.
ఎవరి గొంతో ఇప్పటికీ తెలీదు.
నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారే,
ఆ రాత్రి మాటే నీరైపోయింది.
గేదెల్ని విప్పి, పిల్లల్ని చంకనేసుకుని జనం పరుగు.
పితాని వరహాలు మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది.
నేను టార్చి పట్టుకుని గట్టంతా నడిచాను.
గట్టు గట్టులానే ఉంది, కప్పలు అరుస్తున్నాయి.
ఆ ఫోనుకి జానెడు తూము లేదమ్మా.
మట్టం చూసే లస్కరు లేడు.
తెరిస్తే ఒకేసారి పెద్ద తలుపే.

అంచేత ముచ్చటే, అంతకంటే ఏం లేదని
నీకు చెప్పి పంపేద్దును.
అప్పన్న గుర్తొచ్చాడు.

కుడిపూడి అప్పన్న. పుట్టు చెవుడు.
దండోరా అంటే వాడికి కర్ర ఊగడం.
రేడియో అంటే చెక్కపెట్టె.
యాభై ఏళ్లు మా మాటల ఒడ్డున నిలబడి
పెదాలు చూస్తూ
నవ్వాల్సినచోట ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాడు.
ఇప్పుడు పొద్దు వాలగానే ఈ చక్రానికి ఫోను ఆనించి
వశిష్ట అవతల ఎవరో తనలాంటి ఆవిడతో
చేతుల్తో మాట్లాడతాడు.
ఎంత మాటకారో మాకు తెలీనే తెలీదు.
మొన్న వాడు ముందు నవ్వాడు.
ఏం పరాచికమో మాకెవరికీ అంతుపట్టలేదు.
మేమంతా ఒక క్షణం ఆలస్యంగా నవ్వాం.

అక్కడ మాత్రం పడవ లేచింది. నా కళ్లతో చూశాను.

ఏంటీ, చక్రం తిప్పుతూ
ఇదంతా మళ్లీ ఒకసారి చెప్పమంటావా, వెలుగు బాగుందని?
తిప్పుతాను, ఏం పోయింది.
పడవలు ఆగిపోయి ఎన్నేళ్లో.
కాలవ నిండా గుర్రపుడెక్క, దాని ఊదారంగు పూలు.
ఒకప్పుడు అంత కొత్తదైన లాకు
ఇప్పుడు ఫొటోలకి బాగుంటుందని ఉంది.
కాస్త పక్కకి జరుగు,
తుప్పు నీ ఓణీకి అంటుకుంటుంది.